తారు సంగతి తర్వాత, ముందు పక్క కాలువ చూడండి

ఏటా ఆగస్టు వచ్చేసరికి ఇదే గోల. గుంతల ఫొటోలు, గుంతల్లో వరినాట్లు వేసి నిరసనలు, కాంట్రాక్టరు తారు మింగేశాడని ఒకరు, మీ హయాంలో వేసిన రోడ్డే కదా అని ఇంకొకరు. తారులో దొంగతనం జరగదని నేననను. కానీ ఈ పోట్లాటంతా పైన కనిపించే రెండు మూడు అంగుళాల పొర గురించే. అదే లారీ అదే బరువుతో ఏప్రిల్‌లోనూ ఆ రోడ్డు మీదే తిరిగింది, అప్పుడేమీ కాలేదు. ఆగస్టులో మారింది తారు కాదు, లారీ కాదు. కింద ఉన్న మట్టి మారింది, అందులోకి నీళ్లు చేరాయి.

కళ్లం చేసిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. నీళ్లు చల్లి, మట్టి పదునుకు వచ్చేదాకా ఆగి అప్పుడు తొక్కిస్తారు. పొడిమట్టిని ఎంత తొక్కినా దుమ్మే, నీళ్లెక్కువైతే కాలు దిగబడుతుంది, మధ్యలో ఒక్క పదును దగ్గరే నేల బండలా తయారవుతుంది. లాస్‌ఏంజెలెస్‌లో మట్టి ఆనకట్టలు కట్టిన ప్రాక్టర్ అనే ఇంజినీరు 1933లో ఈ పదునునే ప్రయోగశాలలో అంకెగా మార్చాడు. మన పెద్ద రోడ్ల కింద సబ్‌గ్రేడ్ అనే అర మీటరు మట్టిని ఈ రోజుకీ ఆ పద్ధతి లెక్కతోనే రోలర్‌తో తొక్కిస్తారు, ల్యాబ్‌లో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో కనీసం 97 శాతం రావాలని నిబంధన.

అసలు కథ ఆ 97 శాతం వచ్చాక మొదలవుతుంది. పదునులో ఉన్న మట్టిలో రేణువుల మధ్య సందులు పూర్తిగా నిండవు, కొంత నీరు, కొంత గాలి ఉంటాయి. ఆ కాస్త నీరే సన్నని పొరలా అంటుకుని రేణువులను దగ్గరకు లాగి పట్టుకుంటుంది. సముద్రం ఒడ్డున తడి ఇసుక మీద నడిస్తే కాలు దిగబడదు, పొడి ఇసుకలో దిగబడుతుంది, అల వచ్చి కప్పేసిన ఇసుకలోనూ దిగబడుతుంది, గమనించే ఉంటారు. మట్టిలో ఈ లాగుడు ఇసుక కంటే ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది, రేణువు ఎంత సన్నదైతే అంత బలం. సందులు నీళ్లతో నిండిన రోజు ఆ పట్టు పోతుంది. తొక్కించిన మట్టి అదే, మీరు కట్టిన బిల్లూ అదే, బిగువు మాత్రం ఉండదు. చక్రం వెళ్లిన ప్రతిసారీ కింద మట్టి కుంగి లేస్తుంటే పైన తారు వంగి వంగి పగులుతుంది, ఆ పగులులోంచి ఇంకా నీళ్లు దిగుతాయి.

అంకెల్లో చెప్పాలంటే, మన రోడ్ల డిజైన్‌కు ఆధారమైన ఐఆర్‌సీ 37 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం) సూత్రం ప్రకారం సీబీఆర్, అంటే మట్టి ఎంత బరువు తట్టుకుంటుందో చెప్పే పరీక్ష అంకె, 8 శాతం ఉన్న మట్టి దృఢత్వం సుమారు 67 మెగాపాస్కల్స్, 2 శాతానికి పడిపోతే 20. అంటే మూడో వంతు కూడా లేదు. ఎండలో గడ్డపారకు లొంగని నల్లరేగడి నానితే ఆ 2, 3 దగ్గరే ఉంటుంది.

అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రం ఒటావా దగ్గర 1958 నుంచి 1960 దాకా పరీక్ష కోసమే రోడ్లు వేసి, బరువు కొలిచి నింపిన ట్రక్కులను వాటి మీద తిప్పారు. రోడ్లు ఎక్కువగా దెబ్బతిన్నది వసంతంలో, నేలలో గడ్డకట్టిన నీరు కరిగి అడుగు మట్టి నానిన నెలల్లో. ఇంకా వెనక్కి వెళ్తే, రోడ్డు పొరల పేర్లుగా డబ్ల్యూబీఎం, డీబీఎం అని టెండర్లలో రాసే ఆ చివరి 'ఎం' ఉంది చూడండి, ఆ మెకాడమ్ అనే స్కాట్లండ్ రోడ్ల ఇంజినీరు రెండు వందల ఏళ్ల కిందటే చెప్పాడు: బరువు నిజంగా మోసేది నేల మట్టే, దాన్ని పొడిగా ఉంచితే ఎంత బరువైనా మోస్తుందని. ఆయన పేరు ఉంచుకున్నాం, మాట వదిలేశాం.

ఇంజినీర్లు దీనికి ఒక జవాబు చెప్తారు. మేం సీబీఆర్ పరీక్షకు మట్టిని నాలుగు రోజులు నానబెట్టే చూస్తాం, వానాకాలం డిజైన్‌లోనే ఉంది, అసలు విలన్ ఓవర్‌లోడ్ అని. ఓవర్‌లోడ్ నిజమే, దానికి కేసులు రాయాల్సిందే. నాలుగు రోజుల పరీక్షా మంచిదే. కానీ అది అచ్చులో బిగించిన మట్టి. బయట రోడ్డు పక్క కాలువ పూడిపోయి జులై నుంచి అక్టోబరు దాకా నీళ్లు నిలిచే చోట, నల్లరేగడి ఉబ్బి, వేసవిలో మళ్లీ నెర్రెలిచ్చి, ఆ నెర్రెల్లోకి మళ్లీ నీళ్లు దిగితే, ఆ అచ్చులో మట్టికీ ఈ మట్టికీ పోలిక ఏముంది?

మీ ఊరి రోడ్డు ముందు ఎక్కడ దెబ్బతింటుందో చూడండి. చాలాచోట్ల అంచున, బస్సు ఎడమ చక్రం పోయే దారిలో. ఎందుకంటే నీళ్లు పక్కనుంచి వస్తాయి. తారు అంచు పక్కనుండే మట్టి పట్టీ, అంటే బెర్ము, మట్టి పేరుకుని తారు కంటే ఎత్తైంది, వాన నీరు పక్కకు జారే దారి లేదు. సైడ్ కాలువను పొలంవాళ్లు కలిపేసుకున్నారు, ఊళ్లోకొస్తే ప్రతి గేటు ముందు ర్యాంపు కట్టి కాలువ మూసేశారు. కింద నీళ్లు బయటికి పోవడానికని వేసిన కంకర పొరను బెర్ము చివరి అంచు దాకా తీసుకెళ్లకుండా మధ్యలో మట్టి కప్పేస్తే అది నీళ్ల తొట్టి అవుతుంది. దాని మీద ఎంత మందం తారు పోసినా ఏం లాభం?

ఇదివరకు చెరువుకు నీరటికాడు ఉన్నట్టు రోడ్డుకు గ్యాంగ్ కూలీలు ఉండేవాళ్లు. నా చిన్నప్పుడు వానలకు ముందు పారతో బెర్ము చెక్కి, కాలువ తీసి, కల్వర్టు నోట్లో చెత్త లాగేవాళ్లను నేను చూశాను. వాళ్లు రిటైరైతే చాలాచోట్ల ఆ ఖాళీలు నింపలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కొత్త రోడ్డుకు కొబ్బరికాయ కొట్టడానికి అందరూ వస్తారు, శిలాఫలకం ఉంటుంది, తీసిన కాలువకు శిలాఫలకం ఉండదు కాబట్టి దానికి డబ్బు దొరకదు. చెరువు తూముల దగ్గర ఇదే, బడి పైకప్పుల దగ్గర ఇదే, ఆసుపత్రి లిఫ్టుల దగ్గరా ఇదే. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో కాంట్రాక్టరే ఐదేళ్లు నిర్వహణ చూడాలని ఒప్పందంలోనే ఉంటుంది. మీ ఊరికి ఆ రోడ్డు ఉంటే, ఆ ఐదేళ్లలో పార పట్టుకున్న మనిషి ఎన్నిసార్లు కనిపించాడో గుర్తు తెచ్చుకోండి.

నేను అడిగేది చిన్నది. రోడ్డు పూర్తవగానే మొత్తం బిల్లు ఇవ్వొద్దు. కొంత ఆపి, మొదటి పెద్ద వాన పడిన మర్నాడు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), కాంట్రాక్టరు, సర్పంచ్ ముగ్గురూ ఆ రోడ్డు పొడవునా నడవాలి. కాలువలో నీళ్లు కదులుతున్నాయా, బెర్ము మీద మడుగు ఉందా చూసి, ఫొటోలు తీసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాకే మిగతా డబ్బు ఇవ్వాలి.