ఒక్కడి కొలతకు కుట్టిన సెక్షన్

యూనివర్సిటీలకు స్వయంప్రతిపత్తి లేదని గోలపెట్టేవాళ్లకు చట్టం చదివే అలవాటు లేదు. చదివినవాణ్ని చెబుతున్నాను, ఉంది. బీరువాలో పట్టుచీరలా భద్రంగా ఉంది. తాళంచెవి మాత్రం సెక్రటేరియట్‌లో పెట్టారు, ఎక్కడైనా పారేసుకుంటారేమోనని. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం ప్రమాణాలు చూసేది కేంద్రం, చట్టం చేసేది రాష్ట్రం, మిగిలిందంతా యూనివర్సిటీదే. ఏం మిగిలిందని అడక్కండి.

వైస్ ఛాన్సలర్ల మీద మన సర్కార్లకు ఎంత శ్రద్ధో తెలియాలంటే 1966కు వెళ్లాలి. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి, ఉస్మానియా వీసీ డి.ఎస్. రెడ్డి. ఆ ఏడాది చట్టం సవరించి వీసీ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించారు. హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జి స్థాయి మనిషి విచారణ జరిపితే తప్ప వీసీని తీసేయకూడదనీ రాశారు. ఎంత చక్కటి రక్షణ! ఇంత రక్షణ ఉంటే ఉన్న వీసీని పంపేదెలా? ఆలోచించి 13ఎ అని ఇంకో సెక్షన్ చేర్చారు. అప్పటికే కుర్చీలో ఉన్న వీసీ, కొత్తాయన వచ్చేదాకానే ఉంటాడట. విచారణ గిచారణ ఏమీ లేదు. ఆ సెక్షన్ వర్తించేది సరిగ్గా ఒక్క మనిషికి!

కోటిమందికి పనికొచ్చే చట్టం ఎవరైనా చేస్తారండీ. ఒక్కడి కొలతలు తీసుకుని కుట్టాలంటే చేతిలో పనితనం ఉండాలి. డి.ఎస్. రెడ్డి కోర్టుకెక్కారు. హైకోర్టు బాగానే కుదిరిందంది. సుప్రీంకోర్టుకే ఆ కుట్టు నచ్చలేదు, చట్టం ముందు అందరూ సమానమనే 14వ అధికరణానికి విరుద్ధమని కొట్టేసింది.

ఆ పాఠం ఊరికే పోలేదు. కుర్చీలో మనిషంటూ ఉంటే కదా కోర్టుకెళ్లేది! తెలంగాణలో 2019లో ఖాళీ అయిన వీసీ కుర్చీలు 2021 మేలో గానీ నిండలేదు. అందాకా ఐఏఎస్‌లే ఇన్‌ఛార్జులు. ఖాళీ కుర్చీ రిట్ వేయదు.

ఇక 2018లో యూనివర్సిటీలను అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ యూజీసీ ఇచ్చిన స్వేచ్ఛ సంగతి. నాణ్యత చూసి మార్కులేసే న్యాక్ దగ్గర కనీసం 3.51 స్కోరు తెచ్చుకున్న యూనివర్సిటీ యూజీసీ అనుమతి లేకుండానే కొత్త కోర్సులు పెట్టుకోవచ్చు. సర్కారును పైసా అడగకుండా, సెల్ఫ్ ఫైనాన్స్‌లో. పూర్వం అమ్మ పెట్టా పెట్టేది కాదు, అడుక్కు తిననిచ్చేదీ కాదు. ఇప్పుడు అడుక్కోవడానికి గెజిట్‌లోనే అనుమతి వచ్చింది. బొచ్చె పట్టడానికీ గ్రేడు కావాలి లెండి. ఎవరిని అడుక్కోవాలో మాత్రం రాయలేదు. ఫీజులు కట్టే నాన్నలకు వేరే చెప్పాలా అనుకున్నారేమో.