మియూరా గారిని ఎవరైనా ఆపండి

వయసు మీద పడడం మనిషి జన్మహక్కు. మోకాళ్ళు పట్టేశాయని చెప్పి మెట్లెక్కే పని తప్పించుకోవడం, "మా రోజుల్లో" అని మొదలుపెట్టి ఎదుటివాడు లేచిపోయేదాకా వదలకపోవడం, ఇవన్నీ యాభై దాటినవాళ్ళం కష్టపడి సంపాదించుకున్న సౌకర్యాలు. ఇప్పుడు ఒకే ఒక్క మనిషి వల్ల వీటికి ముప్పు వచ్చిపడింది. ఆయన పేరు కజుయోషి మియూరా. 1967 ఫిబ్రవరి 26న జపాన్‌లోని షిజువోకాలో పుట్టారు. వృత్తి ఫుట్‌బాల్. నేర్పించడం కాదు, ఆడడం.

ఆయన వరస మొదటినుంచీ ఇంతే. పదిహేనేళ్ళ వయసులో బడి మానేసి, 1982లో ఫుట్‌బాల్ ఆడతానని బ్రెజిల్ వెళ్ళారు. అప్పటికి జపాన్‌లో ప్రొఫెషనల్ లీగే లేదు. ఆ దేశంనుంచి బ్రెజిల్‌కు ఆట పట్టుకెళ్ళడమంటే ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మబోవడమే. అమ్మారు కూడా. 1986లో, పెలే ఆడిన శాంటోస్ క్లబ్బే ఆయనతో ఒప్పందం రాసుకుంది. అలాంటి ప్రోత్సాహాలు ఎంత ప్రమాదకరమో ఇప్పుడు తెలుస్తోంది.

1994లో ఇటలీలోని జెనోవా క్లబ్బుకు అరువు మీద వెళ్ళారు. ఇటలీ పై డివిజన్ లీగైన సీరీ ఏలో ఆడిన మొదటి జపాన్ ఆటగాడు. గోల్స్ కోసం కాదు, జపాన్ స్పాన్సర్ల కోసం తెచ్చుకున్నారని అక్కడివారు నవ్వుకున్నారు. మొదటి మ్యాచే మిలాన్ జట్టుతో. ఆ జట్టు డిఫెండర్ ఫ్రాంకో బరేసీని ఢీకొని ముక్కు విరగ్గొట్టుకున్నారు. నాబోటివాడికైతే ఆ ముక్కు ఒక్కటి చాలు. ఆటకు అక్కడికక్కడే దండం పెట్టి, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీతోపాటు "ఇదిగో, బరేసీ ముక్కు" అని చూపించుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపేసేవాణ్ణి. ఈయన ముక్కు అతికించుకుని మళ్ళీ మైదానంలోకి వెళ్ళారు. ఆ సీజన్ మొత్తంలో 21 లీగ్ మ్యాచులు, ఒకే ఒక్క గోల్. అది కూడా ఊళ్ళోనే ఉన్న బద్ధశత్రువు సంప్‌డోరియా మీద కొట్టారు. ఆ మ్యాచ్ జెనోవా ఓడిపోయింది. సీజన్ చివర కింది డివిజన్‌కు కూడా జారిపోయింది. ఒక్క గోల్‌తో జీవితకాలానికి సరిపడా పేరు తెచ్చుకున్నాక తగుమాత్రం సిగ్గుపడి ఇంటికి పోవాలని ఆయనకు చెప్పేవాళ్ళు లేకపోయారు.

1999లో క్రొయేషియా జాగ్రెబ్ అనే క్లబ్బుకు వెళ్ళారు. గోల్స్ సున్నా. 2005లో సిడ్నీ ఎఫ్‌సీలో తేలారు. అక్కడ నాలుగు లీగ్ మ్యాచుల్లో రెండు కొట్టి, లెక్కలు రాసేవాళ్ళను కాస్త ఇబ్బంది పెట్టారు.

అసలు నేరం ఇప్పుడు చెబుతాను. ఈయన చుట్టూ అందరూ మర్యాదగా కాలానికి లొంగారు. ముక్కుకు కారణమైన బరేసీ 1997లోనే ఆట మానేశారు. జాగ్రెబ్ క్లబ్బు పేరు మార్చుకుని మళ్ళీ డైనమో అయింది. జపాన్‌లో ఆయనకు పేరు తెచ్చిన వెర్డీ క్లబ్బయితే కవాసాకి వదిలి టోక్యోకు మకాం మార్చేసింది. 1998 ప్రపంచ కప్పుకు వారం పది రోజుల ముందు ఆయన్ను జట్టులోంచి తీసేసిన కోచ్ తకేషి ఒకాడా, 2010లో మరోసారి జట్టును ప్రపంచ కప్పుకు తీసుకెళ్ళి, ఆ పనీ ముగించుకుని, ఇప్పుడు జపాన్‌లోని ఇమబరి ఊళ్ళో ఒక క్లబ్బును నడిపిస్తున్నారు. తీసేసినవాడు యజమాని అయ్యాడు. తీసివేయబడినవాడు ఇంకా బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు! 89 మ్యాచుల్లో దేశానికి 55 గోల్స్ కొట్టిన మనిషికి ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ కూడా దక్కలేదు. అలిగి మానేయడానికి ఇంతకన్నా మంచి సాకు ఎవరికి దొరుకుతుంది? బంగారంలాంటి సాకును నేలపాలు చేశారు.

పైగా ముహూర్తాల పిచ్చి ఒకటి. ఆయన జెర్సీ అంకె 11. జపాన్‌లో ఆయన క్లబ్బు యొకొహామా ఎఫ్‌సీ ఏళ్ళ తరబడి ఆయన ఒప్పందం పొడిగింపును జనవరి 11న ఉదయం 11 గంటల 11 నిమిషాలకు ప్రకటిస్తూ వచ్చింది. మన పురోహితులు కూడా పెళ్ళికి నాలుగైదు నిమిషాలు అటూఇటూ చూసుకుంటారు.

2017లో యాభై నిండిన ఏడో రోజున మైదానంలోకి దిగి, అందరికన్నా పెద్ద వయసులో ప్రొఫెషనల్ లీగ్ మ్యాచ్ ఆడినవాడిగా ఇంగ్లండ్ ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్ పేరిట అర్ధశతాబ్దంగా భద్రంగా ఉన్న రికార్డును దాటేశారు. మరో వారానికి గోల్ కూడా కొట్టారు. సరే, అదైనా సొంత దేశంలో అనుకుందాం. 2023లో పోర్చుగల్ రెండో డివిజన్‌లోని ఒలివేరెన్సె క్లబ్బుకు మళ్ళీ అరువు మీద వెళ్ళారు. ఏప్రిల్ 22న తొలిసారి బరిలోకి దిగిన మ్యాచ్ ఆ క్లబ్బు 4-1తో గెలిచింది. చూడడానికి వచ్చినవాళ్ళు కారు తాళాలు వెతుక్కునే 90వ నిమిషంలో, 56 ఏళ్ళ మనిషి గీత దాటి లోపలికి పరుగెత్తారు. పరుగెత్తారు అంటున్నాను, గమనించండి. నేను బస్సు తప్పిపోతున్నా పరుగెత్తను.

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా, ఆటగాడు హద్దు మీరి ముందుకెళ్ళాడా అని చూసే ఆఫ్‌సైడ్‌ను చొక్కా చేతులదాకా కొలిచి చూస్తుంది. ఆటగాడి వయసుకు గీత గీయడానికి మాత్రం తీరికలేదు. కాబట్టి ఇక జపాన్ సంప్రదాయమే దిక్కు. అక్కడ అరవై నిండితే కన్‌రెకి అని మన షష్టిపూర్తిలాంటి వేడుక చేస్తారు. పెద్దాయనకు ఎర్రని చేతుల్లేని కోటు, ఎర్ర టోపీ తొడిగి కూర్చోబెడతారు. ఆ రోజున కోటు తొడిగేవాళ్ళు దయచేసి ఒక పని చెయ్యాలి. వెనక 11 అంకె కుట్టమని ఆయన అడిగితే, దారం అయిపోయిందని చెప్పాలి.