చుట్టపుచూపు కాపురాలు

శుక్రవారం సాయంత్రం 6 గంటలకు పని ముగించుకుని, సంచీ భుజాన వేసుకుని బయలుదేరిన మనిషి రెండు బండ్లు మారి శనివారం తెల్లవారుజామున 4 గంటలకు ఊరి మొగదల దిగుతాడు. టార్చిలైటు పట్టుకుని ఎదురుచూస్తున్న ఆమె ఆ పల్లె ఆరోగ్య కేంద్రంలో వైద్యురాలు, అతని భార్య. తిరుగు ప్రయాణానికి చివరి బస్సు ఆదివారం సాయంత్రం 5 గంటలకు. మధ్యలో ఉన్నవి 37 గంటలు. శనివారం ఆమెకు పనిదినం కనుక 8 గంటలు రోగులవి. నిద్రకు 9 గంటలు తీసేస్తే మిగిలేవి 20. రెండు నెలల ఎడబాటుకు ఇరవై గంటల కాపురం. ఆ ఇరవైలోనూ అర్ధరాత్రి కాన్పు కేసు వస్తే ఆమె లేచి వెళ్లాలి. అతను తలుపు దగ్గరగా వేసి మళ్లీ ఎదురుచూడాలి.

పాత్రలు తారుమారు కావచ్చు. బస్సు దిగింది భార్య, ఎదురువచ్చింది ఆనకట్ట పనుల్లో ఉన్న ఇంజినీరు భర్త కావచ్చు. ఉపాధ్యాయులు, నర్సులు, అటవీ సిబ్బంది, పొలాల వెంట తిరిగే వ్యవసాయాధికారులు, గ్రామీణ బ్యాంకు శాఖల ఉద్యోగులు... ఇలా బతికే జంటలు ప్రతి దేశంలోనూ ఉన్నారు. పల్లెలో ఉద్యోగం చేసేవారి సెలవుల గురించి, భత్యాల గురించి నిబంధనల పుస్తకాల్లో ఎన్నో పుటలు ఉంటాయి. వారిని చూడటానికి వచ్చే మనిషి గురించి మాత్రం ఒక్క వాక్యం వెతికినా దొరకడం అరుదు. ఆ రాకపోకలను దంపతుల సొంత వ్యవహారంగా వదిలేయడం తప్పని మేము భావిస్తున్నాం. పల్లెలో వైద్యురాలు నిలిచిందంటే, ఆమె జీతం, ఆమె సంకల్పం ఎంత కారణమో, రెండు నెలలకోసారి రాత్రి బస్సెక్కి వచ్చే ఆ మనిషి కూడా అంతే కారణం. అతను అలసిపోయి రావడం మానేసిన నాడు ఆమె బదిలీ దరఖాస్తు రాసుకుంటుంది.

పల్లెలకు మనుషులు ఎంతగా కావాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. ప్రపంచ జనాభాలో దాదాపు సగం గ్రామీణ ప్రాంతాల్లో ఉంటే, వారికి అందుబాటులో ఉన్నది మొత్తం నర్సుల్లో 38 శాతం, వైద్యుల్లో నాలుగో వంతు కంటే తక్కువ. ఆ సిబ్బందిని మారుమూల ప్రాంతాల్లో నిలబెట్టుకోవడానికి చేసిన సిఫారసుల్లో ఉద్యోగుల జీవన పరిస్థితులతో పాటు వారి కుటుంబాల పరిస్థితులనూ మెరుగుపరచాలన్నది ఒకటి. విద్యుత్తు, పారిశుద్ధ్యం, ఫోను సౌకర్యం, పిల్లలకు బడి అందులో ఉన్నాయి. 2021లో ఆ మార్గదర్శకాలను సంస్థ సవరించి మళ్లీ వెలువరించింది. అయితే కుటుంబం అనగానే ప్రభుత్వాలు ఊహించుకునేది అక్కడే కలిసి ఉండే కుటుంబాన్ని. రాలేని కుటుంబం, వచ్చి వెళ్లే కుటుంబం వాటి కంటికి ఆనడం లేదు.

ఈ లోటును ఒక ప్రభుత్వం నలభై ఏళ్ల కిందటే గుర్తించింది. చైనా మంత్రిమండలి 1981లో బంధుదర్శన సెలవు నిబంధనలు తెచ్చింది. ప్రభుత్వ కార్యాలయాల్లో, ప్రభుత్వ సంస్థల్లో ఏడాది సర్వీసు పూర్తిచేసి, భార్యకో భర్తకో దూరంగా ఉంటూ వారాంతపు సెలవుల్లో కలుసుకోలేని ఉద్యోగులకు ఏటా 30 రోజుల సెలవు ఇవ్వాలన్నది నియమం. ప్రయాణానికి పట్టే రోజులు దీనికి అదనం. జీవిత భాగస్వామి దగ్గరికి వెళ్లివచ్చే దారి ఖర్చు ఉద్యోగమిచ్చిన సంస్థదే. ఇందులో మమ్మల్ని ఆలోచింపజేసిన విషయాలు రెండు ఉన్నాయి. ఆ సెలవు దంపతులలో 'ఒకరికి' అని రాశారు. ఊరుగాని ఊరిలో ఉన్నవారు ఇంటికి రావచ్చు, ఇంట్లో ఉన్నవారైనా అక్కడికి వెళ్లవచ్చు. రెండోది, 'వారాంతంలో కలుసుకోలేకపోవడం' అంటే ఏమిటో అధికారులు గీత గీసి చెప్పారు: సెలవు రోజును వాడుకుని ఇంట్లో ఒక రాత్రి ఉండి, సగం పగలు విశ్రాంతి తీసుకోలేకపోతే కలుసుకోలేనట్టే లెక్క.

ఒక రాత్రి, సగం పగలు. ఒక ప్రభుత్వ పత్రంలో ఆ మాటలు ఉండటమే పెద్ద విషయం. కిలోమీటర్ల లెక్కను పక్కన పెట్టి, చేరిన తరవాత ఇద్దరూ కలిసి ఉండే సమయంతో దూరాన్ని కొలిచారు. 60 కిలోమీటర్ల దూరానికి రోజుకు ఒకే బస్సు ఉన్న పల్లె, 400 కిలోమీటర్ల దూరంలో రైలు స్టేషన్ పక్కనే ఉన్న పట్టణం కంటే దూరమైనదే. బదిలీలు చేసేవారి దగ్గర ఉండే పటంలో ఈ తేడా కనిపించదు. ఆ నిబంధనలన్నీ ఆదర్శమని మేము చెప్పడం లేదు. అవి ప్రభుత్వ రంగానికే పరిమితం. ఏళ్ల తరబడి దంపతులను వేరువేరు చోట్ల పనిలో పెట్టిన వ్యవస్థే ఆ గాయానికి కట్టు కట్టిందని కూడా అనవచ్చు. కానీ కట్టు కట్టాలన్న స్పృహ అయినా ఉంది.

జపాన్‌లో కుటుంబాన్ని ఉన్నచోటే వదిలి ఒంటరిగా బదిలీపై వెళ్లడానికి ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, 'తన్షిన్ ఫునిన్' అంటారు. అక్కడి సుప్రీంకోర్టు 1986లో ఒక ఉద్యోగి బదిలీని సమర్థిస్తూ, కుటుంబానికి కలిగే ఆ నష్టం ఉద్యోగి మామూలుగా భరించవలసిన స్థాయిలోదేనని తేల్చింది. ఇరవై ఏళ్ల తరవాత, 2006 ఏప్రిల్ నుంచి, అలా ఒంటరిగా ఉండే బసకూ కుటుంబం ఉన్న ఇంటికీ మధ్య ఉద్యోగి చేసే ప్రయాణాన్ని కార్మిక ప్రమాద బీమా చట్టం కిందికి తెచ్చారు. భార్యాబిడ్డలను చూసి తిరిగి పనిలో చేరడానికి చేసే ప్రయాణం ఉద్యోగంలో భాగమేనని చట్టం ఒప్పుకున్నట్టు అయింది. రాత్రి బస్సులో కూర్చుని ఎదురు దిశలో వచ్చే జీవిత భాగస్వామికి ఆ రక్షణ అక్కడా లేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ కుటుంబ బాధ్యతలున్న కార్మికుల గురించి 1981లో ఆమోదించిన 165వ సిఫారసు, బదిలీ చేసేటప్పుడు జీవిత భాగస్వామి పనిచేసే చోటును, పిల్లల చదువుకు ఉన్న అవకాశాలను లెక్కలోకి తీసుకోవాలని స్పష్టంగా చెప్పింది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం ఉద్యోగ దంపతులను వీలైనంతవరకు ఒకేచోట నియమించాలని 1986 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది, తరవాత మళ్లీ మళ్లీ గుర్తుచేసింది. బదిలీ కోరడం హక్కు కాదంటూనే, భార్యాభర్తల నియామకాన్ని విధానంలో పరిగణించాలని సుప్రీంకోర్టు 2022లో ఒక కేసులో సూచించింది. మంచిదే. కానీ 'వీలైనంతవరకు' అన్న మాట దాటి బయట మిగిలిపోయేవారు ఎప్పుడూ ఉంటారు. ఒకరిది ప్రభుత్వోద్యోగం, మరొకరిది ప్రైవేటు కంపెనీ అయితే ఏ ఆదేశమూ వారిని కలపలేదు.

అలాంటప్పుడు వినిపించే తేలిక సలహా, 'ఒకరు ఉద్యోగం మానేయవచ్చు కదా' అన్నది. ఆ ఒకరు ఎవరో చెప్పకుండానే అందరికీ అర్థమవుతుంది. ఈ ఊహకు న్యాయస్థానంలో గట్టి జవాబు 1978లోనే వచ్చింది. భార్య పంజాబ్‌లోని సంగ్రూర్ జిల్లాలో ప్రధానోపాధ్యాయురాలు, భర్త ఉద్యోగం దిల్లీలో. ఆమె తన దగ్గరికి వచ్చి కాపురం చేయాలని అతను కోర్టుకెక్కాడు. కాపురం ఎక్కడ ఉండాలో నిర్ణయించే హక్కు భర్త ఒక్కడిదేనని ఏ చట్టమూ చెప్పడం లేదని దిల్లీ హైకోర్టు తీర్పునిచ్చింది. ఇద్దరి కొలువులూ సమానమైనవే అని ఒప్పుకున్నాక, ఇద్దరి మధ్య దారి ఎవరి బాధ్యత అన్న ప్రశ్న మిగులుతుంది. ఆ ప్రశ్ననే మేము అడుగుతున్నాం.

ముందుగా బస సంగతి చూడాలి. పల్లెలో కొత్తగా చేరిన ఉద్యోగికి దొరికేది చాలాసార్లు ఒక గది, ఒక మంచం. లేదా ఇద్దరు ముగ్గురు సహోద్యోగులు పంచుకునే క్వార్టర్స్. ఒకరి భర్త వస్తున్నాడంటే మిగతావారు రెండు రోజులు మరో చోటు వెతుక్కోవాలి. వారు నొచ్చుకోకుండా సర్దుకున్నా, ఆ మొహమాటం వచ్చినవారిని వెన్నాడుతూనే ఉంటుంది. నవ్వినా గోడ అవతలికి వినిపిస్తుంది. మాట మాట అనుకోవాల్సి వస్తే, అదీ వినిపిస్తుంది. బయటివారిని రాత్రి ఉండనివ్వరాదని వసతిగృహాల గోడల మీద రాసి ఉంటుంది. కట్టుకున్న మనిషిని ఆ 'బయటివారి' జాబితాలో చేర్చడం ఎంత కించపరచడమో అది రాసినవారు ఆలోచించి ఉండరు. సిబ్బంది ఇళ్లు కట్టేటప్పుడు, ఎవరి ఇంటివారు వచ్చినా తాళం తీసి ఇవ్వగలిగే ఒక విడి గదిని, స్నానాల గదితో సహా, కట్టడం ఏ సంస్థకూ మోయలేని భారం కాదు.

వచ్చినవారికి ఆ ఊళ్లో పేరు ఉండదు. 'టీచరమ్మ గారి భర్త', 'ఇంజినీరు గారి భార్య'. భార్య విషయంలో ఆ పిలుపును లోకం సహజంగా తీసుకుంటుంది. భర్త విషయంలో కొంచెం వింతగా చూస్తుంది. పనీపాటా లేనివాడా, భార్య మీద అనుమానంతో వచ్చాడా అన్నట్టు ఉంటాయి ఆ చూపులు. అతను సెలవు పెట్టి, నిద్ర మానుకుని, ఆమె పనికి అడ్డు రాకుండా గదిలో కూర్చోవడానికి వచ్చాడని పల్లె పెద్దలు, బడి పెద్దలు, తోటి ఉద్యోగులు గ్రహిస్తే చాలు. కుర్చీ వేసి నాలుగు మాటలు మాట్లాడితే అతనికి ఆ ఊరు పరాయిది కాకుండా పోతుంది. ఆమె రెండేళ్ల తరవాత బదిలీ అడుగుతుందా, మరో రెండేళ్లు ఉంటుందా అన్నది కొంత ఆ కుర్చీ మీద కూడా ఆధారపడి ఉంటుంది.

దంపతులకు ఒక మాట చెప్పే చనువు తీసుకుంటున్నాం. దూరాన ఉన్నవారిని చూడటానికి వెళ్లినవారు చాలామంది ఇంటి లెక్కలన్నీ మూటగట్టుకుని వెళతారు. కట్టాల్సిన వాయిదాలు, పిల్లవాడి మార్కులు, అత్తమామల మందులు... ఇవన్నీ ఫోనులో తెమలని సంగతులే, నిజమే. కానీ ఆ ఇరవై గంటలూ వాటికే పోతే, ఎదుటి మనిషి ఇక్కడ ఎలా బతుకుతున్నారో చూడటానికి వ్యవధి ఉండదు. ఆమె రోగులను చూసే గది ఎలా ఉంది? అతను రోజూ నడిచే గట్టు ఎంత దూరం? రాత్రి కరెంటు పోతే ఏం చేస్తారు? ఎవరితో మాట్లాడతారు? వీడియో కాల్లో కనిపించేది ముఖం ఒక్కటే. ఆ ముఖం వెనక ఉన్న ఊరిని చూసి వచ్చినవారికి, తరవాతి నెలలో ఫోనులో వినిపించే నిట్టూర్పు దేనిదో తెలుస్తుంది. ఆ పని దేశంలోని ఏ నెట్‌వర్కూ చేయలేదు.

'ఉద్యోగంలో చేరేటప్పుడే తెలుసు కదా' అన్న వాదన ఒకటి ఉంది. తెలిసే చేరారు, అందుకే వారు గౌరవానికి అర్హులు. ఎవరూ తెలిసి చేరకపోతే ఆ ఊళ్లలో బడి తలుపు, ఆసుపత్రి తలుపు తెరుచుకోవు. పెళ్లికానివారి మాటేమిటని అడిగేవారికీ సమాధానం ఉంది. చైనా నిబంధనలే తల్లిదండ్రులకు దూరంగా ఉన్న అవివాహితులకు ఏటా 20 రోజులు ఇచ్చాయి. ఎవరి మనిషి వారికి ఉంటారు.

మేము కోరుతున్నవి పెద్ద సంస్కరణలు కావు. మారుమూల నియామకాల్లో ఉన్నవారి జీవిత భాగస్వామికి, వారు పనిచేసే సంస్థ ఏదైనా, ఏడాదికి కొన్ని రోజుల సందర్శన సెలవు హక్కుగా ఉండాలి. ప్రయాణ దినాలు అందులోంచి కోయకూడదు. దారి ఖర్చును పల్లెకు పంపిన యాజమాన్యం భరించాలి. మారుమూల అంటే ఏమిటో నిర్ణయించేటప్పుడు కిలోమీటర్లకు బదులు ఒక రాత్రి, సగం పగలు అన్న కొలతను పాటించాలి. వారాంతపు చివరి బస్సును రవాణా సంస్థలు ఒక గంట ఆలస్యంగా బయలుదేరదీయగలిగితే ఎన్నో ఇళ్లకు ఒక గంట కాపురం పెరుగుతుంది.

ఉత్తర్వులు వచ్చేలోపు పై అధికారులు చేయగలిగింది ఒకటుంది. మొదట చెప్పిన వైద్యురాలినే తీసుకోండి. ఆమె భర్త వచ్చే వారాంతం తేదీ నెల ముందే తెలుస్తుంది. ఆ 37 గంటలపాటు అత్యవసర పిలుపులు పక్క కేంద్రంలోని వైద్యుడికి వెళ్లేలా డ్యూటీ చార్టులో పేరు మార్చాలి. ఆ వైద్యుడి భార్య వచ్చినప్పుడు ఈమె ఆ పిలుపులు అందుకుంటుంది. ఆదివారం సాయంత్రం బస్సు కదిలి మలుపు తిరిగాక, ఆమె ఫోను చేసి డ్యూటీ మళ్లీ తన పేరు మీద వేయించుకుంటుంది.