మూడేళ్ల సభకు పదకొండేళ్ల ఆయుష్షు

ఎన్నికలంటే మనవాళ్లకు ఇంత మోజెందుకో అర్థం కాదు. ఐదేళ్లు తిరిగేసరికి మైకులు, ఫ్లెక్సీలు, మూతపడే వైన్ షాపులు, ఓటరు లిస్టులో పేరుందో లేదోనని టెన్షన్. ఈ గోలేమీ లేకుండా సభను నడపడం ఎలాగో బ్రిటిష్ వాళ్లు మనకు చేసి చూపించారు. వాళ్లు వెళ్లిపోయాక రైళ్లు, కలెక్టరాఫీసులు, క్రికెట్ జాగ్రత్తగా దాచుకున్నాం గానీ ఆ ఒక్క విద్యనూ గాలికొదిలేశాం. ఇప్పటికైనా ఒక కమిటీ వేసి, అధ్యయనం చేయించి, ఆ రిపోర్టును ఎప్పట్లాగే బీరువాలో పెట్టించాలని నా విన్నపం.

నేను చెప్పేది బ్రిటిష్ కాలంలో ఢిల్లీలో నడిచిన కేంద్ర శాసనసభ గురించి. అందులో 145 మంది సభ్యులు. 104 మందిని ఓటర్లు ఎన్నుకునేవాళ్లు, మిగతా 41 మందిని సర్కారే తెచ్చి కూర్చోబెట్టేది. ఓటర్లంటే మరీ ఊరందరూ కాదు. శిస్తు గట్టిగా కట్టేవాళ్లు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, అలాంటి మర్యాదస్తులు. 1934లో వాళ్ల సంఖ్య దేశమంతా కలిపి సుమారు 14 లక్షలు. బ్రిటిష్ ఇండియా జనాభా అప్పటికే పాతిక కోట్ల పైమాటే. క్యూలో తోపులాట అనే సమస్యను పుట్టకముందే పరిష్కరించారన్నమాట.

1919 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం సభ గడువు మూడేళ్లు. అయితే 'ప్రత్యేక పరిస్థితులు' ఉన్నాయని వైస్రాయి కూడా అయిన గవర్నర్ జనరల్‌కు అనిపిస్తే గడువు పొడిగించవచ్చు. అనిపిస్తే చాలు, ఇంకెవరినీ అడగక్కర్లేదు. 1934 చివర్లో ఎన్నికై 1935 జనవరిలో కొలువుదీరిన సభకు 1938లో నూరేళ్లు నిండాలి. సరిగ్గా అప్పుడు ఆయనకు అనిపించడం మొదలైంది. 1945 దాకా అనిపిస్తూనే ఉంది. సభ మొదలైన ఏడాది అక్షరాభ్యాసం చేసిన పిల్లాడు ఎస్సెల్సీకి వచ్చేశాడు, సభ మాత్రం మూడో ఏడు దాటలేదు.

మొదటి సాకు ఫెడరేషన్. 1935 చట్టం వచ్చింది కదా, సంస్థానాలతో కలిపి కొత్త ఫెడరల్ సభ రాబోతోంది, ఈలోగా పోయే సభకు మళ్లీ ఎన్నికలెందుకు అన్నారు. సబబే. కాకపోతే ఆ ఫెడరేషన్ రావాలంటే సంస్థానాధీశులు తగినంతమంది సంతకాలు పెట్టాలి. వాళ్లు పెట్టలేదు. అందరికంటే పెద్దవాడైన నిజాం ప్రభువు బేరాలు సాగదీస్తూ కూర్చున్నారు. తెలంగాణ పాఠకులు ఇక్కడ కాస్త గర్వపడవచ్చు. ఆ సభకు ఓటేసే హక్కు హైదరాబాద్ సంస్థానంలో ఒక్కరికీ లేదు గానీ, దాని ఆయుష్షు పెంచడంలో మన చేయి కూడా ఉంది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధం ఉండగా ప్రత్యేక పరిస్థితులకు కరువేముంది? పొడిగింపు కాగితాల మీద ఎక్కువసార్లు సంతకం పెట్టిన వైస్రాయి లిన్‌లిత్‌గో దొర తన ఐదేళ్ల ఉద్యోగాన్నే ఏడున్నరేళ్లు చేశారు. తాను ఆచరించనిది ఇతరులకు చెప్పే మనిషి కాదు.

మరి పదకొండేళ్లలో సభ్యులు మారలేదా అంటే, భేషుగ్గా మారారు. సభ మారకుండా సభ్యులు మారడమే ఇందులోని కిటుకు. నాగపూర్ నుంచి గెలిచిన అభ్యంకర్ గారైతే సభ మొదటిసారి కూర్చోకముందే కన్నుమూశారు. ఆ సీటుకు ఉప ఎన్నిక. 1937లో రాష్ట్రాల్లో మంత్రి పదవులు దొరకగానే గోవింద వల్లభ్ పంత్ లక్నో వెళ్లారు. గంజాం, విశాఖపట్నం జిల్లాలు కలిపిన సీటు నుంచి ఢిల్లీ వెళ్లిన వి.వి. గిరి, బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించి మద్రాసులో మంత్రి అయ్యారు. ఈలోగా గిరి గారి నియోజకవర్గమే రెండు ముక్కలైంది. 1936లో గంజాంలో ఎక్కువ భాగం ఒరిస్సాలో కలిసింది, విశాఖ మద్రాసులో మిగిలింది. బర్మా సంగతి ఇంకా నయం. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. అక్కడి సభ్యులకు రాజీనామా ఖర్చు లేదు, ఉప ఎన్నిక ఖర్చూ లేదు, సీట్లతో సహా మాయం. పాకిస్తాన్ తొలి ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ ఈ సభలోకి మధ్యలో ఉప ఎన్నిక గుమ్మంలోంచే వచ్చారు.

నామినేటెడ్ అధికారుల దారి వేరు. ఒక దొరగారికి బదిలీ అయినా, సెలవు పెట్టి ఓడెక్కినా, ఆ కుర్చీలో ఇంకో దొరగారు. ప్రమాణం చేస్తారు, చెప్పిన వైపు ఓటేస్తారు. ప్రచారం లేదు, డిపాజిట్ లేదు, రిసార్టు బిల్లు అసలే లేదు.

అన్నిట్లోకీ నాకు నచ్చిన నియమం ఇది. ఎన్నికైన సభ్యుడు సర్కారు కొలువు ఒప్పుకుంటే ఆ క్షణమే అతని సీటు ఖాళీ అయ్యేది. కండువా మార్చి కుర్చీ కాపాడుకునే మన కాలంవాళ్లు ఇది చదివి గుండె చిక్కబట్టుకోవాలి. అయితే కంగారు పడకండి. వైస్రాయి మంత్రివర్గం లాంటి కౌన్సిల్లో చేరినవాణ్ని ఈ సభకో, పై సభకో నామినేట్ చేసి తీరాలని అదే చట్టం చెప్పింది. ఈ సభకు ఎన్నికైన ఎం.ఎస్. అణే గారు 1941లో అలా చేరారు. అంటే ఓటర్లు పంపిన మనిషిగా ఒక తలుపులోంచి బయటికి, సర్కారు మనిషిగా ఇంకో తలుపులోంచి లోపలికి. 1946లో మధ్యంతర ప్రభుత్వంలో చేరిన నెహ్రూ, పటేల్‌లకు కూడా చట్టంలో ఉన్నది ఆ నామినేషన్ తలుపే.

ఇంత చేసి ఎవరు గెలిచారు, ఎవరు పోయారు అన్నది పెద్ద విషయమా? 1940 నవంబరులో యుద్ధ ఖర్చుల కోసం పెట్టిన ఆర్థిక బిల్లును సభ ఓడించింది. గవర్నర్ జనరల్ సభ కాదన్నా ఇది అవసరమేనని సర్టిఫై చేశారు, బిల్లు చట్టమైపోయింది. ఫలితం దేన్నీ మార్చదని ముందే తెలిసినప్పుడు ఉప ఎన్నికలో అభ్యర్థులకు బీపీ ఎందుకు పెరుగుతుంది?

చివరికి 1945లో ఓటర్లను అడగక తప్పలేదు. అడిగితే ముస్లింలకు కేటాయించిన సీట్లు 30కి 30 ముస్లిం లీగ్‌కే వేశారు. పదకొండేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్నకు అంతా ఒకేసారి చెప్పిన జవాబు. సర్కారు మద్దతున్న కావస్‌జీ జహంగీర్ మీద కాంగ్రెస్ అభ్యర్థి మావలంకర్ మూడు ఓట్ల తేడాతో సభాధ్యక్షుడయ్యారు. ఆ సభ 1946 జనవరిలో కొలువుదీరి, మూడేళ్లలో సగం దాటీ దాటగానే 1947 ఆగస్టులో ముగిసిపోయింది. దానికి మాత్రం పొడిగింపు ఇవ్వాలని ఎవరికీ అనిపించలేదు. పొడిగింపు గవర్నర్ జనరల్ గారికి దొరికింది. మౌంట్‌బాటన్ 1948 జూన్ దాకా ఉన్నారు.