ఆ బాయ్‌నెట్ మెసేజ్ నాకు ఇక పంపకండి

ఈ నెలలో అది నాకు ఆరుసార్లు వచ్చింది. ముందు స్కూలు గ్రూపులో, తర్వాత కాజీపేటలో ఉండే మా మేనబావ నుంచి, నిన్న పొద్దున ఏకంగా మా ఇంటి ఓనర్ నుంచి. "మీ తాతల ఇంట్లో అటక మీద పాత తుపాకి బాకు ఉందా? మీరు లక్షాధికారులు!" అని మొదలై, ఎనిమిది పాయింట్లు చెప్పి, చివర మూడు దండాలు పెట్టే మెసేజ్. నేను బాయ్‌నెట్లు, అంటే తుపాకి గొట్టం చివర తగిలించే బాకులు, పోగేస్తానని తెలిసినవాళ్లంతా "అన్నా, నీకు పనికొస్తది" అని పంపుతున్నారు. ఈ పిచ్చి పట్టి నాలుగేళ్లే, నేనేం పండితుణ్ణి కాదు. అయినా ఇక ఊరుకోలేను.

మొదటి పాయింటు: "బ్లేడు మీద 1907 అని ఉంటే అది 1907లో తయారైంది, ధర ఐదు లక్షలు." 1907 అనేది మోడల్ పేరు. బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకికి ఆ ఏడాది ఖాయం చేసిన నమూనా అది. తయారైన తేదీ దాని కింద చిన్న అంకెల్లో ఉంటుంది. ముందు నెల, పక్కన ఏడాది చివరి రెండంకెలు. 5, 17 అని ఉంటే 1917 మే. ఆ కింద విల్కిన్సన్ అనో, శాండర్సన్ అనో కంపెనీ పేరు. మన దేశంలోనే చేసిందైతే ఆర్.ఎఫ్.ఐ. అని ఉంటుంది, అంటే కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ. మెసేజ్‌తో వచ్చిన ఫోటోలోనే కిరీటం కింద జీ.ఆర్. అని కనిపిస్తోంది. జార్జి రాజు గద్దెనెక్కింది 1910లో. 1907లో రాజు ఎడ్వర్డ్. రాబోయే రాజు పేరు మూడేళ్ల ముందే కొట్టి పెట్టుకున్నారా? ఇక ఐదు లక్షలంటారా, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇవి లక్షల సంఖ్యలో తయారయ్యాయి.

"ఇంటూ మార్కు ఎన్ని ఉంటే అంతమందిని పొడిచినట్టు." కాదు. బ్లేడును వంచి చూసి, తిరిగి నిటారుగా నిలిచిందని వేసిన పరీక్ష ముద్ర అది. పక్కనున్న బాణం గుర్తు బ్రిటిష్ సర్కారు సొత్తు అని చెప్పేది.

"బ్లేడు మీది గాడి రక్తం కారడానికి." ఆ గాడి బరువు తగ్గించడానికి, బ్లేడు బిగువు పోకుండా. ఇంతకంటే దీనికి జాగా ఇవ్వను.

ఆరోదాన్ని కూడా ఇక్కడే తేల్చేస్తా: "కాకతీయుల కాలం బాకులు కూడా ఇలాగే ఉంటాయి." అవునవును, ఈ పిడి చెక్కలకున్న స్క్రూలను రుద్రమదేవి సైనికులు స్క్రూడ్రైవర్ పెట్టి బిగించుకునేవారు.

నాలుగో పాయింటు దగ్గర కొంచెం ఆగాలి. "బ్లేడు 17 అంగుళాలు లేకపోతే డూప్లికేట్, పాత ఇనుప సామాను వాడికి వేసేయండి" అన్నారు. మన దగ్గర దొరికేవాటిలో పొట్టివి బోలెడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడి సైన్యం కోసం పొడుగు బ్లేడ్లను దాదాపు 12 అంగుళాలకు కోసి మొన దేల్చారు. కొన్నిటిని పొట్టిగానే కొత్తగా చేశారు. కోసినదాన్ని గుర్తుపట్టడం తేలికే, గాడి దాదాపు మొన దాకా వచ్చేస్తుంది. దానికి ఒర కూడా పొట్టిదే ఉండాలి. పొట్టి బ్లేడు పొడుగు ఒరలో లొడలొడలాడుతుంటే ఆ జత ఎవరో తర్వాత కలిపిందే. చూడాల్సింది ఇది. ఇనుప సామానులో వేయడం కాదు.

ఇక నన్ను ఇది రాయించిన ఐదో పాయింటు. "రాత్రంతా చింతపండు, నిమ్మరసంలో నానబెట్టండి. పొద్దున గ్రైండర్ పట్టించండి. తళతళ మెరిస్తే ధర రెట్టింపు."

నర్సంపేట వైపు నుంచి ఒక దోస్తు పోయిన నెల బాయ్‌నెట్ తెచ్చాడు. వాళ్ల తాత మిలిటరీలో చేశాడట, బర్మా దాకా పోయొచ్చాడట. ఏ రెజిమెంటో ఇంట్లో ఎవరికీ తెలియదు. మెసేజ్‌లో చెప్పినట్టే చింతపండులో నానబెట్టి, వెల్డింగ్ షాపులో గ్రైండర్ పట్టించాడు. అద్దంలా ఉంది. అందులో నా మొహం కనిపించింది, అక్షరం ఒక్కటి కనిపించలేదు. కిరీటం లేదు, తేదీ లేదు. పిడి చివర గుండ్రటి లోహపు భాగం మీద చాలాసార్లు రెజిమెంటు పేరు పొట్టి అక్షరాల్లో, ఆయుధం నంబరు కొట్టి ఉంటాయి. అక్కడ కూడా గ్రైండర్ గీతలే. నానబెట్టకముందు తీసిన ఫోటో ఒకటి చూపించాడు. పిడి మీద రెండు వరసల్లో ఏదో ఉంది, చేయి వణికి మసకగా వచ్చింది. ఇద్దరం పెద్దది చేసి, చిన్నది చేసి అరగంట చూశాం. "ధర ఎంతొస్తదన్నా?" అని మాత్రం అడగలేదు పాపం.

చింతపండు బతుకమ్మ ముందు ఇత్తడి బిందెలు తోమడానికండీ. పాత ఉక్కు మీది నల్లటి పొర మురికి కాదు. మెత్తటి నూలు గుడ్డ మీద కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి తుడవండి, చాలు. అక్షరాలు ఆనకపోతే రుద్దకండి. లైటార్పి, ఫోన్ టార్చిని బ్లేడుకు ఆనించినట్టు పక్కనుంచి వేయండి. నీడలు పడి అంకెలు లేచొస్తాయి.

ఏడోది: "లైసెన్సు గిట్ల ఏం అక్కర్లేదు, ఫారిన్ పార్టీకి కొరియర్ చేయొచ్చు." ఇది రాసినాయనే ముందు పంపి చూపిస్తే బాగుండేది. ఆయుధాల నిబంధనల పట్టికలో ఐదో తరగతిలో కత్తులు, బల్లేలతో పాటు బాయ్‌నెట్ పేరు రాసి మరీ ఉంది. 1959 ఆయుధాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఇలాంటివాటికీ లైసెన్సు కావాలి. మీ ప్రాంతం సంగతి స్టేషన్‌లో అడగండి, ఫార్వర్డ్ మెసేజ్‌ను కాదు. పైగా నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువును సొంతంగా విదేశాలకు పంపడం 1972 పురావస్తువుల చట్టం కింద నేరం. అంటే పాయింటు ఒకటి నిజమని నమ్మినవాడు పాయింటు ఏడు పాటిస్తే నేరుగా జైలుకే.

మిగిలింది ఎనిమిది: "బాకును తోలు ఒరలో పెట్టి దాచకండి, విడిగా ఉంచండి." దీన్ని చూసి మొదట నవ్వాను. ఒర ఉన్నదే దాచడానికి కదా అని. తర్వాత అనుమానమొచ్చి బీరువా తీశాను. నా దగ్గరున్న వాటిలో మంచిది, 1918ది, వానాకాలమంతా ఒరలోనే ఉంది. పాత తోలులో చెమ్మ, తోలు ఊనడానికి వాడిన మందుల పులుపు ఉంటాయి. లాగితే గట్టిగా వచ్చింది. మొన నుంచి నాలుగు వేళ్ల మేర ఎర్రటి తుప్పు, తోలు కుట్టు పోయిన గీత వెంబడే. మెసేజ్ రాసినాయనది ఆ ఒక్క పాయింటు నిజం. ఆరుసార్లు వచ్చినా నేనే చివరి దాకా చదవలేదు.