పెరటి విత్తనంపై రెండు నాలుకలు

నమోదు కాని విత్తనాన్ని అమ్మినా, ఇచ్చిపుచ్చుకున్నా రెండేళ్ల దాకా జైలు, పది లక్షల షిల్లింగుల దాకా జరిమానా. కెన్యా 2012లో సవరించుకున్న విత్తన చట్టం ఇది. 2025 నవంబరులో అక్కడి హైకోర్టు ఆ సెక్షన్లు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసేదాకా చిన్న రైతులు ఆ భయంతోనే బతికారు. తీర్పు సంతోషం కలిగించేదే. అయితే ఇలాంటి చట్టం ఇన్నేళ్లు ఎలా నిలబడిందన్నదే మా ఆందోళన. జీవవైవిధ్య ఒప్పందం పాఠం ఖరారైంది ఆ దేశ రాజధాని నైరోబీలోనే, 1992 మే 22న. ప్రపంచమంతా ఏటా జీవవైవిధ్య దినోత్సవం జరుపుకొనేది ఆ తేదీనే. వైవిధ్యాన్ని కాపాడతామని అక్కడే మాట ఇచ్చి, దాన్ని కాపాడుతున్న చేతులకు అక్కడే సంకెళ్లు సిద్ధం చేశారు.

కెన్యా ఒక్కదాన్నే తప్పుపట్టి లాభం లేదు. 2001 నాటి మొక్కల జన్యు వనరుల ఒప్పందం తొమ్మిదో అధికరణంలో రైతుల హక్కులను గుర్తించి, అమలు బాధ్యతను ఆయా దేశాలకే వదిలేసింది. 2018లో ఐక్యరాజ్యసమితి గ్రామీణ శ్రామికుల హక్కుల ప్రకటనలో విత్తన హక్కును చేర్చింది. 2022లో మాంట్రియల్‌లో దేశాలన్నీ కూర్చుని సాగు మొక్కల జన్యు వైవిధ్యాన్ని కాపాడతామని మరోసారి ప్రకటించాయి. సంతకాలకు కొదవ లేదు. ఆ దేశాల్లోనే విత్తన చట్టాలు తయారయ్యేటప్పుడు మాత్రం పెరడు ఎవరికీ గుర్తురాదు.

కొండ ఊరి పెరడు మైదానపు పొలానికి చిన్న నమూనా కాదు. అక్కడ వాలు మారితే మట్టి మారుతుంది, ఎత్తు మారితే చలి మారుతుంది, ఇల్లు కొండకు ఏ పక్కన ఉందన్నదాన్ని బట్టి ఎండ మారుతుంది. పై ఇంట్లో విరగకాసిన చిక్కుడు కింది ఇంట్లో పూతతోనే ఆగిపోవచ్చు. అందుకే ఇంటికో రకం నిలిచింది. పైన నీడనిచ్చే చెట్లు, వాటి కింద పండ్ల చెట్లు, ఆ కింద కూరగాయలు, మందు మొక్కలు, దడి మీద తీగలు, నేలలో దుంపలు. రాలిన ఆకే ఎరువు. వేళ్లే వాలు మట్టిని పట్టి ఉంచుతాయి. పొలంలో పంట పోయిన ఏడాది ఇంటిల్లిపాదికీ ఇంత తిండి పెట్టేది ఈ కాస్త జాగానే. ఏ గింజ దాచాలో, ఎవరికి ఇవ్వాలో చాలాచోట్ల ఆడవాళ్లే తేలుస్తారు. పంటల లెక్కలు తీసేవాళ్లు వాళ్లను అడగరు.

టాంజానియాలోని కిలిమంజారో కొండ వాలుపై చాగా ప్రజల ఇంటి తోటల్లో పరిశోధకులు 500కు పైగా మొక్క జాతులను నమోదు చేశారు. వాటిలో ఎక్కువ భాగం ఎవరూ పనిగట్టుకుని నాటనివి, అయినా ఎవరూ పీకేయనివి. మరోపక్క, మనిషి తిండి కోసం పండించే దాదాపు 6,000 జాతుల్లో కేవలం తొమ్మిది మొత్తం పంట ఉత్పత్తిలో 66 శాతమని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2019లో చెప్పింది. మిగతా వేల జాతుల్లో చాలావాటికి దిక్కు ఇలాంటి పెరళ్లే.

ఆ పెరట్లోకి పోషకాహార పథకం పేరుతో వచ్చేదేమిటి? టమాటా, క్యాబేజీ, క్యారెట్ ప్యాకెట్లు. ఎన్ని పంచారో లెక్క రాస్తారు. ఆ మడిలో అంతకుముందు ఏముండేదో ఒక్క వరుస కూడా రాయరు. హైబ్రిడ్ గింజ మరుసటి ఏడాది అదే గుణంతో రాదు, మళ్లీ ప్యాకెట్ కోసం చూడాల్సిందే. ఈలోగా కుండలో దాచిన పాత గింజ మొలకెత్తే శక్తి కోల్పోతుంది. తర్వాత అదే శాఖ జీవవైవిధ్య వారోత్సవాల్లో పాత విత్తనాల ప్రదర్శన పెడుతుంది. ఇది ద్వంద్వనీతి కాక మరేమిటి?

నకిలీ విత్తనాలను అరికట్టాలంటే తనిఖీ ఉండాలని, మేలు రకాలు దిగుబడి పెంచాయని చెప్పేవాళ్ల మాటలో నిజం ఉంది. కానీ నకిలీ విత్తనం లేబుల్ అంటించుకుని వ్యాపారి దగ్గర నుంచి వస్తుంది, దడి మీదుగా చేయి మారి రాదు.

నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచు కొండలో, విత్తన బ్యాంకులో 2008 నుంచి విత్తనాలు భద్రంగా ఉన్నాయి కదా అన్నది అధికారుల మరో జవాబు. ఎండబెట్టి గడ్డకట్టిస్తే బతికే గింజలకే అక్కడ చోటు. చేమ, పెండలం, అరటి లాంటివి దుంపలతో, పిలకలతోనే తరం మారతాయి. వాటిని ఏటా నాటే మనిషి ఉంటేనే అవి ఉంటాయి. పైగా ఫ్రీజర్‌లోని గింజ కొత్త తెగులును ఎదుర్కోదు, మారుతున్న వానకు అలవాటు పడదు. 1970లో అమెరికా మొక్కజొన్న చాలావరకు ఒకే తల్లి వంశం మీద ఆధారపడి ఉండటంతో ఆకు తెగులు సుమారు 15 శాతం పంటను మింగేసింది. అలాంటి రోజున తట్టుకునే రకం కావాలంటే వెతకాల్సింది ఇలాంటి కొండ ఊళ్లలోనే.

జన్యు సమాచారంతో సొమ్ము చేసుకునే పెద్ద కంపెనీలు లాభాల్లో 1 శాతమో, ఆదాయంలో 0.1 శాతమో ఒక నిధికి ఇవ్వాలని 2024లో కొలంబియాలోని కాలీలో జరిగిన జీవవైవిధ్య ఒప్పంద దేశాల సదస్సులో తీర్మానించారు. ఇవ్వకపోతే? ఏమీ లేదు, అది స్వచ్ఛందం. కంపెనీకి స్వచ్ఛందం, గింజలు పంచుకున్న మనిషికి జైలు! ఈ తేడా ఒప్పందాలు రాసిన మేధావులకు కనిపించలేదంటే మేం నమ్మం.

ఆ దేశాల తదుపరి సదస్సు 2026లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో. అక్కడికి వెళ్లే ప్రతి ప్రభుత్వం ముందు తన విత్తన చట్టం తెరిచి, పొరుగింటికి విత్తనం ఇచ్చే హక్కు ఏ సెక్షన్‌లో ఉందో చూపించాలి. చూపించలేకపోతే కొండ ఊళ్ల పెరళ్ల ఫొటోలు నివేదిక అట్టల మీద వేసుకోవడం మానేయాలి. ఆ పెరళ్ల పేరు చెప్పి మాట్లాడే అర్హత మీకు లేదు.