మహారాజరాజశ్రీ డీడీ 214 వారికి ఒక విన్నపం

మహారాజరాజశ్రీ డీడీ ఫారం 214 గారి దివ్య సముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. తమరి కుశలానికి వచ్చిన లోటేమీ లేదు, ఫోల్డరులో చల్లగా పడుకుని ఉన్నారు. తమరిని చంకన పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న ముసలాయనే కుశలంగా లేడు. కాబట్టి ఆ మాటలో ‘ఉభయ’ కొట్టేసి చదువుకోగలరు.

తమరి ప్రవర తెలియని వాళ్లూ ఈ ఉత్తరం చదవచ్చు. అమెరికా సైన్యం నుంచి బయటికొచ్చే వాళ్ల చేతిలో పెట్టే కాగితం తమరు. 1950లో అవతరించారు. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు వదిలాడు, ఏ పని చేశాడు, ఎలాంటి పేరుతో బయటపడ్డాడు, అన్నీ తమరి గడుల్లోనే. ఇల్లు కొనుక్కోవడానికి రుణం కావాలన్నా, మాజీ సైనికులకుండే వెటరన్స్ ఆసుపత్రి గడప తొక్కాలన్నా, ఆఖరికి శవపేటిక మీద కప్పే జెండా కావాలన్నా ముందు తమరి దర్శనం చేయించాలి. మనిషి ఎదురుగా నిలబడితే చాలదు. తమరు అవునంటేనే అతను సైనికుడు.

అంతటి తమరిలో నాకు అమితంగా నచ్చే చోటు ఒకటుంది. ఇప్పటి రూపంలో అది 13వ గడి. పతకాలు, బ్యాడ్జీలు, రిబ్బన్లు అక్కడ రాస్తారు. గుమాస్తా తనకు దొరికినవన్నీ పొట్టి అక్షరాల్లో టైపు చేసి, చివర రెండు ఏటవాలు గీతలు పెట్టి ‘ఇక ఏమీ లేదు’ అని కొట్టి, మళ్లీ రెండు గీతలతో మూసేస్తాడు. ఎంత ధీమా! ఒక మనిషి యవ్వనమంతా చూసేసినట్టు ‘ఇక ఏమీ లేదు’. కింద సైనికుడు సంతకం పెడతాడు. ఇంటికెళ్లే రోజున ఎవరు చదువుతారండీ? రాజీనామా ఉత్తరం మీదైనా, పెళ్లి పత్రం మీదైనా పెట్టేసే మూడ్‌లో ఉంటాడు. ఏళ్లు గడిచాక, ‘అయ్యా, యుద్ధంలో నాకు గాయమైంది, గాయపడ్డవాళ్లకిచ్చే పర్పుల్ హార్ట్ పతకం రాయలేదు’ అంటే, ‘కింద సంతకం తమరిదే కదా’ అంటారు.

తప్పులు అందరూ చేస్తారు. ఆ మాత్రానికే తమరిని తప్పుపట్టను. అసలు కొన్నిసార్లు తమరి తప్పు కూడా కాదు. పతకమే తమరికంటే ఆలస్యంగా పుడుతుంది. 1974లో సైన్యం 8వ నంబరు జనరల్ ఆర్డర్ ఒకటి తీసింది. 1962 ఫిబ్రవరి 8 నుంచి 1973 మార్చి 28 దాకా వియత్నాంలో పనిచేసిన ఆర్మీ యూనిట్లన్నిటికీ దక్షిణ వియత్నాం ప్రభుత్వం ఇచ్చిన గాలంట్రీ క్రాస్ యూనిట్ పురస్కారం వర్తిస్తుందని దాని సారాంశం. బాగుంది. కానీ 1974 నాటికి ఆ కుర్రాళ్లలో చాలామంది యూనిఫాం విప్పేసి, ఉద్యోగాలు వెతుక్కుని, పిల్లల్ని బడికి పంపుతున్నారు. 1968లోనో 1970లోనో టైపయిన తమరి పతకాల గడికి రేపు రాబోయే ఆర్డర్ తెలిసే వీలేదు. తెలియకపోవడం నేరం కాదు, తెలిసిన తర్వాత కదలకపోవడమే చిత్రం. ఆర్డరు వచ్చింది కదా అని తమరు స్వయంగా లేచి వెళ్లి అతని తలుపు తట్టలేదు. అతనే తమరి తలుపు తట్టాలి. అసలు అలాంటి ఆర్డరొకటి ఉందని అతనికి ఎవరో చెప్పాలి.

తమరు పుట్టకముందు తమరి అన్నగారి హయాంలోనూ ఇదే వరస. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆర్మీలో అధికారులు కాని సిపాయిలకు ఇచ్చింది డబ్ల్యూడీ ఏజీవో 53-55 అనే కాగితం. ఆ యుద్ధంలో పోరాడిన కాల్బలం వాళ్లకిచ్చే కంబాట్ ఇన్ఫంట్రీమన్ బ్యాడ్జి గానీ, వైద్య సిబ్బందికిచ్చే బ్యాడ్జి గానీ సంపాదించిన వాళ్లకు బ్రాంజ్ స్టార్ పతకం కూడా ఇవ్వాలని 1947లో నిర్ణయించారు. ఎలా ఇస్తారంటే, అడిగితే ఇస్తారు. తనకు రావలసింది ఉందని తెలియనివాడు ఏమని అడుగుతాడు? అలా బ్యాడ్జి గోడకు, అర్హత నిబంధనకు వేలాడుతుండగానే ఎంతోమంది వెళ్లిపోయారు.

ఇక అగ్నిగుండం సంగతి. 1973 జులై 12న మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ పక్కనున్న ఓవర్‌ల్యాండ్‌లో, జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రం ఆరో అంతస్తు అంటుకుంది. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ఫైళ్లు పోయాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి మధ్య ఆర్మీ వదిలిన వాళ్ల ఫైళ్లలో నూటికి ఎనభై వంతులు అందులో ఉన్నాయి. నకళ్లు లేవు. మైక్రోఫిల్ములు తీయలేదు. ఏ ఫైళ్లు కాలాయో చెప్పే సూచిక కూడా లేదు. ఆ అంతస్తుకు నీళ్లు చల్లే స్ప్రింక్లర్లూ లేవు. ఇన్ని లేనివి ఒక్కచోట ఉండటానికి ఎంత ముందుచూపు కావాలో!

మంటకు మిగిలినవి నీళ్లకు తడిశాయి, తడిసినవి బూజు పట్టాయి. వాటిని విమానాల కంపెనీ దగ్గరున్న వాక్యూమ్ గదిలో ఆరబెట్టారు. ఈనాటికీ ఆ ఫైళ్లు అడిగితే అంచులన్నీ నల్లగా మాడి, మధ్యలో మాత్రం అక్షరాలు మిగిలిన కాగితాలు వస్తాయి. చేతికి తొడుగులు వేసుకున్న ఉద్యోగి ఒక్కొక్క పొరనూ విడదీస్తాడు. ఆ మనుషుల్ని నేను ఒక్క మాట కూడా అనను, వాళ్లది తపస్సు. ఏమీ మిగలని చోట వాళ్లు జీతం రసీదులు, కంపెనీ రోజువారీ హాజరు నివేదికలు, సర్జన్ జనరల్ కార్యాలయపు ఆసుపత్రి చేరిక కార్డులు ఏరుకొచ్చి మనిషిని మళ్లీ కూడగడతారు. ఎనభై ఏళ్ల కింద ఒకాయన ఫలానా రోజున ఫలానా ఆసుపత్రిలో చేరాడని ఒక కార్డు చెబితే అతని గాయం ఆ రోజు నుంచి నిజమవుతుంది. కాలి మీద మచ్చ మాత్రం సాక్ష్యం కాదు. దాని మీద ఎవరి సంతకమూ లేదు మరి.

ఇంత జరిగాక కూడా తమరి మీద ఈగ వాలనివ్వని సూత్రం ఒకటుంది. ఆర్మీ రికార్డుల సవరణ బోర్డు ఏ అర్జీ చేతికి తీసుకున్నా, ప్రభుత్వ కాగితం సక్రమంగానే తయారైందన్న నమ్మకంతో మొదలుపెట్టాలి. తప్పుందని నిరూపించే భారం అర్జీదారుది. అంటే తమరు నిర్దోషులు, ఆయన అనుమానితుడు. కాగితాలు కాల్చుకున్నది ప్రభుత్వం, కాగితం తెమ్మని అడుగుతున్నదీ ప్రభుత్వమే. అర్జీ ఫారం 149లో ఇంకో ముచ్చట ఉంది. తప్పును ఎప్పుడు కనిపెట్టారు, మూడేళ్లు దాటితే మీ అర్జీని ఎందుకు పట్టించుకోవాలి అని అడుగుతారు. న్యాయం కోసమని బోర్డు ఆ గడువును పక్కన పెట్టగలదు, చాలాసార్లు పెడుతుంది కూడా. అయినా ప్రశ్న ప్రశ్నే. తొంభై ఏళ్ల మనిషి వణికే చేత్తో ఆ గడి నింపాలి.

బోర్డు తీర్పుల్లో పేర్లు చెరిపేసి అందరూ చదువుకునేలా పెడతారు. వాటిని చదవడం నాకు పట్టిన వ్యసనం. ఒక రకం తీర్పు పదేపదే కనిపిస్తుంది. పర్పుల్ హార్ట్ కావాలని ఒకాయన అడుగుతాడు. గాయపడ్డవాళ్ల జాబితాలో పేరు లేదు, వైద్యుడి కాగితం లేదు, కుదరదంటారు. అయితే ఫైలు తిరగేస్తుండగా ఆయన అడగని కొన్ని రిబ్బన్లు బయటపడతాయి. గుడ్ కాండక్ట్ మెడల్ రాయలేదు, వియత్నాం సర్వీస్ మెడల్ మీద ఉండాల్సిన కంచు నక్షత్రాలు లెక్కపెట్టలేదు, పైన చెప్పిన గాలంట్రీ క్రాస్ ఎక్కలేదు. అవన్నీ చేర్చమని ఆదేశిస్తారు. రక్తం కారిన సంగతి ఒప్పుకోరు, సత్ప్రవర్తన మాత్రం ఒప్పుకుంటారు.

ఆ సవరణ కూడా తమరి మీద చేయరు, చూడండి. తమరిని కొట్టేసి తిరగరాయడం అరుదు. తమరి తమ్ముడు డీడీ 215ని పుట్టించి పక్కన అతికిస్తారు. అన్నగారు తప్పు అన్నగారి దగ్గరే పెట్టుకుని దర్జాగా ఉంటారు, తమ్ముడు వెనకాల నడుస్తూ ‘మా అన్నయ్య అలా అన్నాడు గానీ’ అంటూ అందరికీ సర్దిచెప్పుకుంటూ తిరుగుతాడు. ఉమ్మడి కుటుంబాల్లో ఇలాంటి తమ్ముళ్లని చూశాం.

రిబ్బన్ ముక్క కోసం ఇంత గోలేమిటని తమరు అనుకోవచ్చు. పర్పుల్ హార్ట్ ఉంటే వెటరన్స్ వైద్యంలో ప్రాధాన్యం పెరుగుతుంది, ఆసుపత్రి వైద్యానికి రోగి తన వంతుగా కట్టే కో-పే ఉండదు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సమాధికి అర్హత దొరుకుతుంది. ఆ ఒక్క పంక్తి లేకపోతే ఏమవుతుందో హెన్రీ జాన్సన్ అనే సిపాయి కథలో ఉంది. 1918 మేలో, ఫ్రాన్స్‌లోని ఆర్గోన్ అడవి దగ్గర, రాత్రి కాపలాలో ఉండగా జర్మన్ దండు మీద పడింది. తుపాకీ మడమతోనూ కత్తితోనూ తెగబడి తోటివాణ్ణి కాపాడాడు. ఒంటి మీద ఇరవైఒక్క గాయాలు. నల్లజాతి పటాలం కావడంతో ఫ్రెంచి వాళ్ల కింద పోరాడటానికి పంపారు, కాబట్టి ఫ్రాన్స్ వెంటనే క్రా ద గేర్ అనే తన శౌర్యపతకం ఇచ్చింది. సొంత దేశం డిశ్చార్జి కాగితంలో మాత్రం గాయాల ఊసే లేదు. ఊసు లేదు కనుక ఆ గాయాలకు వైకల్య భృతి దక్కలేదని చెబుతారు. 1929లో పోయాడు. 1996లో పర్పుల్ హార్ట్, 2015లో అమెరికా అత్యున్నత శౌర్యపతకం మెడల్ ఆఫ్ ఆనర్. ఇరవైఒక్క గాయాలు టైపు చేయడానికి దాదాపు నూరేళ్లు పట్టింది.

డాక్టర్ మేరీ వాకర్ గారిది ఇంకో తమాషా. అంతర్యుద్ధంలో శస్త్రచికిత్సలు చేసినందుకు 1865లో మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. 1917లో నిబంధనలు మారాయంటూ జాబితా నుంచి 911 పేర్లు కొట్టేశారు, అందులో ఆవిడదీ ఉంది. పేరు కొట్టేసినా పతకం తీయకుండా, 1919లో కన్నుమూసేదాకా గుండెల మీదే పెట్టుకు తిరిగింది. 1977లో సవరణ బోర్డు ఆవిడ పేరు మళ్లీ చేర్చింది. ఫైలు మాటకు ఆవిడ ఇచ్చిన విలువ నాకు బాగా నచ్చింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. వియత్నాంలోని బోంగ్ సోన్ దగ్గర 1965 జూన్‌లో పారిస్ డేవిస్ అనే గ్రీన్ బెరెట్ (ప్రత్యేక దళాల) అధికారి, గ్రెనేడు దెబ్బకు చెయ్యి చితికితే చిటికెన వేలితో ట్రిగ్గర్ నొక్కుతూ పోరాడి తనవాళ్లను వెనక్కి తెచ్చాడు. పై అధికారి మెడల్ ఆఫ్ ఆనర్‌కు సిఫారసు చేశాడు. ఆ కాగితాలు పోయాయి. 1969లో విచారణ జరిపి మళ్లీ పంపమన్నారు. అవీ పోయాయి. ఆఖరికి 2023 మార్చి 3న, ఎనభై మూడేళ్ల వయసులో పతకం అందింది. ఇక్కడ పూజారి వరం ఇవ్వకపోగా పళ్లెం కూడా రెండుసార్లు పోగొట్టాడు.

కావున తమరికి నా విన్నపాలు స్వల్పం. ఏ ఆర్డరు ఎప్పుడొచ్చినా, ఎవరెవరికి వర్తిస్తుందో చూసుకుని, వాళ్లు అడగకముందే తమ్ముణ్ణి పంపండి. తేదీలు తమరి దగ్గరే ఉన్నాయి, యూనిట్ తమరి దగ్గరే ఉంది, కూడిక రావడానికి యుద్ధానికి వెళ్లొచ్చి ఉండనక్కర్లేదు. 1973లో కాలిన ఫైళ్ల వాళ్ల దగ్గర నిరూపణ భారం దించండి. ఇక ఆ రెండు గీతల మధ్య ‘ఇక ఏమీ లేదు’ బదులు ‘ఇప్పటికి దొరికినవి ఇవి’ అని కొట్టించండి, గడిలో సరిపోకపోతే 18వ గడిలో చోటుంటుంది.

ఇట్లు,
తమరి గడులు చదివి చదివి కళ్లజోడు మార్చుకున్న
ఒక విధేయుడు

జతపరచినవి: ఈ విన్నపం నకళ్లు మూడు. డేవిస్ గారి ఫైలు సంగతి విన్నాక రెండు చాలవనిపించింది.